వజీహ్ ఉస్తాదు ముసాఫిర్ కాదు

టర్కీలోని ఆంతెప్‌లో, సిరియా నుంచి వచ్చిన అలెప్పోవాళ్లు ఇద్దరు ఎదురుపడితే ముందు సలాము, ఆ వెంటనే "ఎన్నో మెట్టు?" ఒంట్లో ఎలా ఉంది, పిల్లలెలా ఉన్నారు అన్నవి ఆ తర్వాత, తీరికుంటేనే. పౌరసత్వానికి ఏడు మెట్లు. మొదటి మూడూ ఎవరైనా ఎక్కుతారు. నాలుగో మెట్టు మీదికి రాగానే ఫైళ్లు చాప పరుచుకుని పడుకుంటాయి. వాటిని లేపే మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. ఆ మెట్టు మీద ఉండగానే జనానికి పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, పుట్టిన పిల్లలూ నాలుగో మెట్టువాళ్లే అయ్యారు.

ఫద్వా ఇంటి ఫైలు అక్కడ మూడేళ్లు పడుకుని, డిసెంబరు ఆఖరివారంలో ఉన్నట్టుండి లేచి కూర్చుంది. ఇరవై ఎనిమిదో తారీకున ముగ్గురూ ఇంటర్వ్యూకి రమ్మని ఫోనుకి కబురొచ్చింది. వీధి వీధంతా ముబారక్ చెప్పింది. ఫద్వా మాత్రం గోడ మీది క్యాలెండరు వంక చూసి తల పట్టుకుంది.

కారణం కూతురు లుజైన్. ఆ పిల్ల పుట్టింది జూన్ నెలలో, ఎండలు మండిపోతుండగా. తొమ్మిదేళ్ల కిందట సరిహద్దు దగ్గర గుమాస్తా అడిగితే ఫద్వా "జూన్" అని మొత్తుకుంటూనే ఉంది. కాగితమేదీ అన్నాడు. కాగితం ఉన్న సంచీ దారిలోనే పోయింది. అతను జనవరి ఒకటి అని కొట్టి పారేశాడు. ఆ రోజు ఆ లైన్లో నిలబడ్డవాళ్లంతా జనవరి ఒకటినే పుట్టారు, తాతా మనవడితో సహా. ఇప్పుడా లెక్కన ఇంటర్వ్యూ అయిన నాలుగో రోజుకే లుజైన్‌కి పద్దెనిమిది నిండుతాయి. పద్దెనిమిది నిండిన పిల్ల తండ్రి ఫైల్లో ఉండకూడదు. మళ్లీ కొత్తగా మొదటి మెట్టు దగ్గర ఒంటరిగా నిలబడాలి. ఇజ్మీర్ వెళ్లి నర్సు చదువు చదవాలని ఆ పిల్ల కోరిక. చేతిలో ఉన్న తాత్కాలిక కార్డుతో ఊరి పొలిమేర దాటాలన్నా అనుమతి కాగితం కావాలి. ఇరవై ఎనిమిదిన అధికారి సంతకం పెట్టి ఫైలుని ఐదో మెట్టు ఎక్కించాడా, పిల్ల గట్టెక్కినట్టే. లేదా, అంతే సంగతులు.

లుజైన్ గురించి ఫద్వాకి దిగుల్లేదు. ఆ పిల్ల టర్కీ భాషలో కలలు కంటుంది. తన గురించీ దిగుల్లేదు. తొమ్మిదేళ్లుగా కర్టెన్లు కుట్టే షెడ్డులో ఊరి ఆడవాళ్ల మధ్య కూర్చుని, వాళ్ల అత్తల మీద చాడీలు వింటూ భాషంతా పట్టేసింది. దిగులంతా మొగుడి గురించే.

వజీహ్ ఉస్తాదు అలెప్పోలో ఇరవై నాలుగేళ్లు అరబ్బీ వ్యాకరణం చెప్పిన మనిషి. ఇక్కడ పిస్తా గోదాములో మంచి కాయలూ చెత్త కాయలూ వేరు చేస్తాడు. టర్కీ భాష నేర్చుకోమంటే ఆయనకు కోపం. "ఇందులో సగం మాటలు మనవే. మనింట్లోంచి పట్టుకెళ్లిన గిన్నెల పేర్లు పక్కింటివాణ్ణి అడిగి తెలుసుకోవాలా?" అంటాడు. పోయిన గిన్నెలు పోయినట్టే ఉంటే బాగుండేది. సరిహద్దు దాటిన మాటలు వేషం మార్చేస్తాయి. మన తెలుగు శిక్ష హిందీవాళ్ల దగ్గరికి వెళ్లి చదువైపోలేదూ? ఇదీ అంతే.

ఒకసారి పక్కింటి సెవీమ్ వచ్చి ఫద్వా చేసిన కిబ్బె అనే మాంసం ఉండలు తిని "హారికా!" అని కేకేసింది. అంటే అద్భుతం అని. లోపలి గదిలో ఉన్న ఉస్తాదుకు అది అరబ్బీలో "హరీకా" అని, అంటే నిప్పంటుకుందని వినిపించింది. బకెట్టుడు నీళ్లతో ఊడిపడి పొయ్యి మీదా, కిబ్బె మీదా, సగం సెవీమ్ మీదా కుమ్మరించాడు. ఆ పూట అందరూ రొట్టెతో సరిపెట్టుకున్నారు. అయినా తప్పు తనది కాదనీ, వాళ్లు పలకడం సరిగ్గా లేదనీ వారం రోజులు వాదించాడు.

ఇలాంటి మనిషిని ఇంటర్వ్యూకి తయారు చెయ్యడానికి అబూ షుక్రీ పూనుకున్నాడు. వీధి చివర టీ కొట్టులో కూర్చుని ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో ఊరందరికీ నేర్పుతాడు. ఆయన సొంత ఫైలు నాలుగో మెట్టు మీద ఆరేళ్లుగా గుర్రు పెడుతోంది. అదేమిటని ఎవరూ అడగరు. ఆయన ధీమా అలాంటిది.

"పౌరసత్వం ఎందుకు కావాలంటే ఏమంటావ్ ఉస్తాద్?" అన్నాడు అబూ షుక్రీ.

"పాస్‌పోర్టు లేదు కాబట్టి."

"చచ్చావ్ పో! ప్రేమ అనాలి. ప్రేమ! మళ్లీ అను."

"ప్రేమ," అన్నాడు వజీహ్, చెత్త పిస్తా నమిలినవాడిలా.

"ఆఁ. బక్లావా మిఠాయి ఎవరిది గొప్ప అంటాడు, ఆంతెప్‌దా అలెప్పోదా? అందరూ చిత్తయ్యేది అక్కడే."

"ఈ వయసులో నాచేత అబద్ధమాడిస్తావా?"

"నోరు మంచిదైతే ఊరు మంచిది బావా. ఆంతెప్‌ది అను, నీ సొమ్మేం పోయింది?" అని దగ్గరికి జరిగాడు అబూ షుక్రీ. "అన్నిటికంటే ముఖ్యం ప్రయాణం. సరిహద్దు దాటి అలెప్పో వెళ్లొచ్చారా అని సూటిగా అడగరు. టీ పోసి, నవ్వి, తేనె పూసి అడుగుతారు. పండక్కని వెళ్లొచ్చినవాళ్ల ఫైళ్లన్నీ చెత్తబుట్టలో ఉన్నాయి. ప్రయాణం అన్న వాసన తగిలిందా, లేదు లేదు లేదు అనాలి. బల్ల గుద్ది చెప్పాలి. ఇంకేమన్నా మర్చిపో గాని ఇది మర్చిపోకు."

రెండేళ్ల కిందట అలెప్పోలో వజీహ్ తల్లి పోయింది. కారెక్కితే మూడు గంటల దారి. వెళ్తే ఫైలు పోతుందని వెళ్లలేదు. ఫోను చెవికి ఆనించుకుని, గోతిలో మట్టి పడుతున్న చప్పుడు విన్నాడు. ఆ సంగతి ఆయన తర్వాత ఎన్నడూ ఎత్తలేదు, ఫద్వా కూడా అడగలేదు.

ఇరవై ఎనిమిదో తారీకు పొద్దున్న ముగ్గురూ ఇస్త్రీ బట్టల్లో వెళ్లి అధికారి గదిలో కూర్చున్నారు. అధికారి పేరు జెవ్దెత్ బే, అంటే జెవ్దెత్ గారు. లావుపాటి మనిషి, మంచి మనిషి. మంచివాళ్లతోనే అసలు ప్రమాదం, వాళ్లు మాట కలుపుతారు. పక్కన నుర్గుల్ అనే అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని, విన్నది విన్నట్టు టకటకా కొడుతోంది. అనువాదకుడు సెలవులో ఉన్నాడు.

"ఫైలు మీ ఆయన పేరు మీద ఉందమ్మా. ఆయనే చెప్పాలి. మీరిద్దరూ అందించకూడదు, సైగ చెయ్యకూడదు. దగ్గినా అందించినట్టే లెక్క," అన్నాడు జెవ్దెత్ బే. ఫద్వా నాలుక పళ్ల మధ్య పెట్టుకుంది.

అందరికీ టీలు పోశారు. మొదట్లో బండి బాగానే నడిచింది. జిల్లాలెన్ని అంటే ఎనభై ఒకటి అన్నాడు ఉస్తాదు. జాతీయ గీతం పాడమంటే లేచి నిలబడి, ప్రతి దీర్ఘాన్నీ అరబ్బీ పద్యంలా సాగదీసి పాడాడు. రెండో చరణం తనకూ సరిగ్గా రాదు గనక జెవ్దెత్ బే పెదాలు కదుపుతూ ఊరుకున్నాడు. బక్లావా మాట రానే వచ్చింది. "ఆంతెప్‌దే," అన్నాడు వజీహ్, ఆముదం మింగినట్టు మొహం పెట్టి. పౌరసత్వం ఎందుకంటే "ప్రేమ" అన్నాడు.

"దేని మీద?" అన్నాడు జెవ్దెత్ బే.

రెండో ప్రశ్న ఉంటుందని అబూ షుక్రీ చెప్పలేదు. వజీహ్ గదంతా కలియజూసి "అన్నిటి మీద," అన్నాడు. అధికారికి ఆ జవాబు నచ్చింది. పక్కనున్న అమ్మాయి కూడా నవ్వింది. ఫద్వాకి ప్రాణం లేచొచ్చింది. దేవుడా, ఇంకొక్క నిమిషం ఈ మనిషి నోరు కాపాడు తండ్రీ అనుకుంది.

జెవ్దెత్ బే సంతకానికి కలం తీశాడు. మూత తీస్తూ, ఊరికే మర్యాదకని, అలవాటుగా ఒక మాటన్నాడు. "తొమ్మిదేళ్లుగా మీరు మాకు మిసాఫిర్‌లు ఉస్తాద్. ఏ లోటూ జరగలేదు కదా?"

టర్కీలో మిసాఫిర్ అంటే అతిథి. మీరు మా ఇంటి చుట్టాలు, బాగా చూసుకున్నామా అని ఆయన భావం. అరబ్బీలో ముసాఫిర్ అంటే ఎవరో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. బాటసారి, ఊళ్లు పట్టుకు తిరిగేవాడు. తొమ్మిదేళ్లు, ముసాఫిర్. వజీహ్ చెవిన పడింది ఆ రెండే. టీ పోశారు, నవ్వారు, తేనె పూసి అడిగారు. అబూ షుక్రీ చెప్పిన ఘడియ ఇదే అనుకున్నాడు. ఆయన మొహం కందగడ్డయింది.

"లేదు!" అన్నాడు, వచ్చీరాని టర్కీలో, బల్ల మీద చెయ్యేసి. "నేను మిసాఫిర్ కాదు!"

జెవ్దెత్ బే కలం ఆగింది. "కాదా?"

"కాదు! ఎప్పుడూ కాదు! ఎవడు చెప్పాడు? చెప్పినవాడు అబద్ధాలకోరు! తొమ్మిదేళ్లు ఇక్కడే. పోలేదు, పోను! మా అమ్మ చచ్చిపోయింది, అప్పుడు కూడా కదల్లేదు! ఎవరు పొమ్మన్నా పోను!"

నుర్గుల్ వేళ్లు ఆ మాటల్నీ టకటకా ఎక్కించేశాయి. అందరికంటే ఎక్కువగా మొగుడి మీద ఫద్వాకి ఒళ్లు మండింది. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా?

"చూశావా అమ్మాయ్," అన్నాడు జెవ్దెత్ బే, నొచ్చుకున్న గొంతుతో. "వీళ్లు చుట్టాలు కారట, ఇంటివాళ్లట, పొమ్మన్నా పోరట. మా బావమరిది ఇదే మాట రోజూ అంటాడు. నేనే వాడితో పోట్లాడి వీళ్లని వెనకేసుకొస్తాను. రాసుకో. అనుకూలం కాదు. మార్చిలో మళ్లీ పిలుద్దాం."

"ఎక్కించేశాను సార్," అంది నుర్గుల్.

లుజైన్ ఇంక ఆగలేదు. "సార్, అందించడం కాదిది, నన్ను బయటికి పంపినా సరే. అరబ్బీలో ముసాఫిర్ అంటే చుట్టం కాదు సార్, ప్రయాణాలు చేసేవాడు. మీరు అలెప్పో వెళ్లొచ్చారా అని అడిగారనుకున్నాడు మా బాబా. వెళ్లలేదని చెప్తున్నాడు. మా నానమ్మ పోయినా వెళ్లలేదు సార్, నిజం."

జెవ్దెత్ బే పడీ పడీ నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్లు తుడుచుకుని వజీహ్ భుజం తట్టాడు. "చంపేశావయ్యా ఉస్తాద్! ఈ కథ ఇవాళ మా ఇంట్లో చెప్పాలి." నుర్గుల్ కూడా నవ్వింది. మళ్లీ టీలు వచ్చాయి. ఎందుకో తెలియకపోయినా వజీహ్ కూడా మర్యాదకు నవ్వాడు.

"అయితే ఆ రాసింది తీసేయండి సార్," అంది ఫద్వా.

నవ్వు ఆగింది. నుర్గుల్ తెర వంక చూసి, అధికారి వంక చూసింది. "ఒకసారి ఎక్కితే తియ్యడానికి రాదు సార్. మీరు రాసుకోమంటే రాశాను."

"నాకర్థమైందమ్మా," అన్నాడు జెవ్దెత్ బే, ఫద్వాతో, నిజంగానే బాధగా. "ఆయనేం అన్నాడో అర్థమైంది, నేనేం విన్నానో అర్థమైంది. కానీ కంప్యూటరుకు అరబ్బీ రాదు. మార్చి ఎంతలోకి వస్తుంది?"

"మార్చికి నా కూతురు ఈ ఫైల్లో ఉండదు! వచ్చే జనవరి ఒకటికి పద్దెనిమిదంటున్నారుగా మీరే! అది పుట్టింది జూన్‌లో!"

"జూన్ అయితే అలెప్పో నుంచి జనన పత్రం తెచ్చుకోండి, తేదీ మారుస్తాం."

"అలెప్పో వెళ్తే ఫైలు పోతుంది కదా సార్?" అంది లుజైన్.

"అయ్యో, అవును. ఆ పని మాత్రం చెయ్యకండి," అన్నాడు జెవ్దెత్ బే. ఎంతో ఆదరంగా అన్నాడు. కోప్పడడానికి కూడా వీల్లేని మంచితనం అది.

"ఏమంటున్నారు?" అని వజీహ్ భార్యను అడిగాడు.

ఫద్వా చెప్పింది. అరబ్బీలో, ఒక్క ముక్క దాచకుండా, పళ్లు కొరుకుతూ చెప్పింది. "మిమ్మల్ని అతిథి అన్నాడు. అతిథి! మీరేమో బల్ల గుద్ది కాదన్నారు. సగం భాష మనదేగా ఉస్తాదు గారూ, ఇదిగో మీ సగం. దాని బతుకు నాలుగు రోజుల్లో మొదటి మెట్టు కిందికి పోతోంది, చూస్తూ కూర్చోండి." అంది గాని, అన్న మరుక్షణమే నాలుక కరుచుకుంది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

వజీహ్ "అతిథా?" అని ఒకసారి గొణిగాడు. ఎప్పటిలా వాదించలేదు. బల్ల మీది టీ గ్లాసును పక్కకి జరిపాడు. తర్వాత నెమ్మదిగా, "ఆ మాట పడింది ఫైలు మీదా, నా మీదా? అడుగు," అన్నాడు.

ఫద్వా అడిగింది. జెవ్దెత్ బే నుర్గుల్‌ను అడిగాడు. నుర్గుల్ తెరను పైకీ కిందికీ జరిపి చూసింది. "ఆయన పేరు మీదే ఉంది."

"మరి నా పేరు తీసేస్తే?" అని అడిగించాడు వజీహ్.

జెవ్దెత్ బే కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "ఆయన తనంతట తాను తప్పుకుంటే ఫైలు భార్య పేరు మీదికి మారుతుంది. ఆమె జవాబులు బాగుంటే ఇవాళే ఐదో మెట్టుకు పంపుతా. కానీ ఆయన మళ్లీ మొదటి నుంచి రావాలి. ఎన్నేళ్లో నేను చెప్పలేను. అప్పటిదాకా ఇదే కార్డు, ఊరు దాటాలంటే అనుమతి. చెప్పమ్మా ఆయనకి సరిగ్గా."

"నేను చెప్పను," అని ఫద్వా మొగుడి వైపు తిరిగింది. "మీకేమైనా పిచ్చా ఉస్తాద్? రేపు పిల్ల ఇజ్మీర్‌లో ఉంటే, జ్వరమొస్తే, పెళ్లయితే, మీరు కాగితం పట్టుకుని లైన్లో నిలబడతారా?"

"నిలబడతాను. నిలబడడం వచ్చు నాకు," అన్నాడు వజీహ్. "తప్పు రాసింది నేను ఫద్వా. మార్కులు పిల్లకి పోకూడదు."

"బాబా, వద్దు," అంది లుజైన్. "నేను మొదటి మెట్టు నుంచే వస్తాను. నాకేం తొందర లేదు."

"నువ్వు నోర్ముయ్. పెద్దవాళ్లు మాట్లాడుకుంటున్నారు." అలా అన్నాడే గాని ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఇక చెయ్యగలిగిందేమీ లేక ఫద్వా మొగుడి కుర్చీలోకి మారింది. జిల్లాలు ఎనభై ఒకటి అంది. పాట రెండు చరణాలూ పాడింది. బక్లావా ఆంతెప్‌దే అంది, రెప్ప కూడా ఆర్పకుండా. వజీహ్ పక్కనుంచి చిన్నగా మూలిగాడు. జెవ్దెత్ బే పాత ప్రశ్నే మళ్లీ అడిగాడు, ఈసారి కాగితంలోకి చూస్తూ. తొమ్మిదేళ్లుగా మిసాఫిర్‌లుగా ఉన్నందుకు ఏ లోటూ జరగలేదు కదా అని.

"ఏ లోటూ లేదండి. ఎంతో బాగా చూసుకున్నారు," అంది ఫద్వా. ఉచ్చారణలో ఎక్కడా తప్పు లేదు. తన నోట్లోంచి ఆ మాట అంత సులువుగా వచ్చినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

నుర్గుల్ కాగితం తీసి వజీహ్ ముందు పెట్టింది. ఆయన కలం తీసుకుని అరబ్బీలో పేరు రాయబోయాడు. అలెప్పోలో ఆ చేతిరాత కోసం పెళ్లి శుభలేఖలు పట్టుకుని ఇంటికొచ్చేవారు. "అలా కుదరదండి, ఇక్కడి అక్షరాల్లో రాయాలి," అంది నుర్గుల్. అప్పుడాయన ముందుకు వంగి, ఒక్కో అక్షరం గీసి గీసి రాశాడు. ఒకటో తరగతి పిల్లాడికి పట్టేంతసేపు పట్టింది. రాసి కూతురి వైపు జరిపాడు. ఆ పిల్ల చూసి, చెప్పలేక చెప్పింది. "ఒక చుక్క వదిలేశావు బాబా."

ఆయన చుక్క పెట్టాడు. కలం గట్టిగా నొక్కడంతో కాగితానికి చిల్లు పడింది.

జెవ్దెత్ బే సంతకం చేశాడు. నుర్గుల్ కొత్త ఫైలు పైకి చదివింది. "ఫద్వా, లుజైన్. ఐదో మెట్టు. మొత్తం ఇద్దరు."

ఆ ఒక్క మాటా వజీహ్‌కి అనువాదం లేకుండానే అర్థమైంది. "ఇద్దరు," అన్నాడు తనలో తను. "మన వ్యాకరణంలో ఇద్దరికి వేరే రూపం ఉంది ఫద్వా. ద్వివచనం. వీళ్లకది లేదు. ఒకటి దాటితే బహువచనమే. ఎంతమంది పోయినా తేడా తెలియదు."

ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన వ్యాకరణం ఎత్తినప్పుడల్లా ఫద్వా నోరు మూసుకోమంది. ఈసారి అనలేకపోయింది. ఆయన చొక్కా కాలరు సరిచేస్తూ, "ఇంకా చెప్పండి, వింటాను," అంది.